స్థలం వచ్చి చూసుకుంటుంది

పొద్దున్నే పాల ప్యాకెట్లు తెచ్చేది చెల్లెలు. గుమ్మం దగ్గర అందుకునేది అక్క. ఆ ఇంట్లో రోజు అలాగే మొదలయ్యేది. అక్క తలుపు సగం తీసి, రంగు మరకలు పడ్డ చెయ్యి మాత్రం బయటికి చాపేది. మోచేతి దాకా వచ్చేది, అంతే. మోచేతికి అవతలున్న ఊరంతా చెల్లెలి వంతు. కరెంటు బిల్లూ, మందుల షాపూ, చెత్తబండీ, కింద వాటాలో ఉండే ఇంటాయనతో గొడవా, అన్నీ.

అలాగని అక్క మొదటినుంచీ పిరికిదేమో అనుకునేరు. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. ఆ వీధిలో స్టీరింగు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే. నేర్పే కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు కంగారుపడితే తొక్కడానికి. దాని మీద కుడికాలు పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి ఒక మధ్యాహ్నం, పెద్ద సర్కిల్ దగ్గర, ముందు ఏదీ అడ్డం రాకుండానే ఆ బ్రేకు తొక్కేసింది. తొక్కిన కాలు మళ్లీ లేవలేదు. వెనకాల హారన్లు. పక్కనున్నాయన "మేడం, మేడం" అంటున్నాడు. ఆవిడకి ఊపిరి అందట్లేదు. ఎవరో దింపి ఇంటికి చేర్చారు. మర్నాడు చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చింది, నిలబడింది, చెప్పులు విప్పేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచీ ఆ చెప్పులు తలుపు పక్కన అలాగే ఉన్నాయి. చెల్లెలు ఊడ్చినప్పుడల్లా వాటిని ఎత్తి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది, వేసుకునేవాళ్లు ఇప్పుడే వస్తారన్నట్టు.

డాక్టరు మాత్రలు రాసింది. చుట్టాలు సలహాలు ఇచ్చారు. "కూరలకైనా పంపవే, అదే అలవాటవుతుంది" అని పెద్దమ్మ ఫోన్లో. పంపడానికి అదేమన్నా బడికెళ్లనని మారాం చేసే పిల్లా? కింద వీధిలో బండి గట్టిగా బ్రేకు వేస్తే చాలు, వంటింట్లో పప్పు కడుగుతున్న అక్క కుడికాలు నేలని నొక్కేసేది. చెల్లెలు చూసి చూడనట్టు ఊరుకునేది.

చెల్లెలికి మొబైల్ షాపులో ఉద్యోగం. ఫోన్లకి స్క్రీన్ గార్డులు అతికించడం, బుడగ లేకుండా. అక్కడే ఒకమ్మాయి ఫోన్లో ఆ ఆట చూసింది. జియోకాషింగ్ అంటారట. ఎవరో ఒక చిన్న పెట్టె దాస్తారు. దాచిన చోటు ఫోన్లో మ్యాపు మీద చుక్కగా కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, రాళ్ల సందులూ బెంచీల అడుగులూ వెతికి, దొరికితే లోపలున్న కాగితం చుట్ట మీద పేరు రాసి, ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్లిపోతారు. దొరికిందోచ్ అని ఫోన్లో కబురు పెడతారు. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. అందుకే చెల్లెలికి నచ్చింది.

ఇంటికొచ్చి అక్కకి చెప్పింది. రెండు రోజులు పోయాక అక్క పచ్చడి సీసా మూతా, కాగితం గుజ్జూ, పాత రంగులూ కలిపి ఒక రాయి చేసింది. రాయి అంటే రాయే. నాచుతో సహా. బోర్లిస్తే అడుగున మూత. చెల్లెలు దాన్ని బల్ల మీద పెట్టి, నీళ్లు తాగి వచ్చేసరికి అది నిజం రాయేమో అని తనకే అనుమానం వచ్చింది.

ఇక అక్క చేయడం, చెల్లెలు దాచడం. బెరడు ముక్కలు, విరిగిన ఇటుకలు, తుప్పు పట్టిన గొట్టాలు. సాయంత్రం కబుర్లు చదివి వినిపించేది. "అక్కా, విను. 'గంటసేపు దాని మీదే కూర్చుని వెతికాను, సిగ్గేసింది' అట." అక్క నవ్వేది. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేది. ఒకసారి కిటికీ ఊచల్లోంచి చెయ్యి భుజం దాకా పెట్టి, వాన పడుతోందో లేదో చూసింది. చెల్లెలు ఆ పూట అన్నం సరిగా తినలేకపోయింది, సంతోషంతో.

అప్పుడు ఆ ఫ్లైఓవర్ వంతెన సంగతి జరిగింది.

వంతెన స్తంభం అడుగున పెట్టిన పెట్టె అక్క చేసినవాటిలో అన్నిటికన్నా గొప్పది. నల్లటి కరెంటు పెట్టెలా ఉంటుంది, ఒక వైరు ముక్క కూడా వేలాడుతూ. అదే కొంప ముంచింది. ఎవరో చూసి పోలీసులకి ఫోన్ చేశారు. చెల్లెలు షాపులోంచి బయటికొచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లావుపాటి కోటు తొడుక్కున్న మనిషి స్తంభం దగ్గరికి నడుస్తున్నాడు. "బాంబట" అంది పక్కనావిడ, చంకలో బిడ్డతో.

అది తమ పెట్టేనని చెల్లెలికి అర్థమయ్యేలోపు ఢాం అంది. నీళ్లతో పేల్చారట, బాంబైతే పేలకుండా. అక్క వారంపాటు కూర్చుని చేసిన పెట్టె కాగితం ముక్కలై గాల్లోకి లేచింది. దొరికినవాళ్లకి బహుమతిగా లోపల పెట్టిన బొమ్మకారు ఎగిరొచ్చి తాడు ఇవతల, చెల్లెలి కాళ్ల దగ్గర, బోర్లా పడింది. చెల్లెలు వంగి దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"నువ్వేనా?" అన్నాడు ఎస్సై. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది ఆయనకి, మొహం అలా ఉంది మరి.

"ఆటండీ అది."

"ఆటా. ఆ బస్సులో డయాలిసిస్‌కి వెళ్లేవాళ్లు ఉన్నారు. వెళ్లి వాళ్లకి చెప్పు, ఆటని." కొంచెం గొంతు తగ్గించాడు. "సర్కారు స్థలంలో సూది పెట్టాలన్నా అనుమతి ఉండాలమ్మా. పార్కుల ఆఫీసుకి వెళ్లు. ఈ నెలాఖరులోగా తెచ్చుకోలేదనుకో, ఊళ్లో నువ్వు దాచినవన్నీ మావాళ్లే ఏరేస్తారు. ఆ తర్వాత ఒక్కటి కనపడినా కేసే."

ఇంటికొచ్చి అక్కకి బొమ్మకారు ఇచ్చింది. చెప్పక తప్పలేదు. అక్క ఆ కారు చక్రాలు వేలితో ఒకసారి తిప్పి, రంగు డబ్బాల మూతలన్నీ బిగించి, అటక మీదికి ఎక్కించేసింది. మర్నాడు పాల ప్యాకెట్ల కోసం తలుపు తెరుచుకోలేదు. "గుమ్మంలో పెట్టేసి వెళ్లు, నువ్వెళ్లాక తీసుకుంటా" అంది లోపల్నుంచి. మోచేయి కూడా పోయింది. చెల్లెలు మెట్ల మీద కూలబడిపోయింది. ఆ పెట్టెలు ఆగిపోతే అక్కలో ఏం మిగులుతుందో ఆమె ఊహకి అందలేదు. అనుమతి తేవాల్సిందే.

పార్కుల ఆఫీసులో అనుమతులు చూసే మేడం కళ్లజోడు మెళ్లో వేలాడేసుకుని, బల్ల మీద కుండీలో ఎండిపోయిన మొక్కకి నీళ్లు పోస్తోంది. సర్కారు తోటలన్నిటికీ బాధ్యురాలు, కుండీలో మొక్క ఒక్కటీ బతకదు. చెల్లెలు చెప్పిందంతా విన్నది. ఆమె తెచ్చిన పెట్టె చూసింది. అక్క చేసినవాటిలో ఇంట్లో మిగిలిందదొక్కటే, బాదం కాయలా ఉండేది. మేడం దాన్ని అరచేతిలో దొర్లించింది.

"తవ్వకూడదు. చెట్టుకి మేకు కొట్టకూడదు. ఇది ఆట పెట్టె అని, ఫోన్ నంబరుతో సహా, పైన రాయాలి."

"రాస్తానండి."

"ఏ చోటు?"

"పెద్దపార్కులో ఫౌంటెన్ వెనక మూలండి. బాదంమొక్కా, విరిగిన బెంచీ ఉంటాయి చూడండి, అక్కడ."

మేడం కంప్యూటర్లో ఏదో కొట్టింది. "ఆదివారం వస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి."

"ఎవరండీ వచ్చేది?"

"స్థలం. వచ్చి చూసుకుంటుంది, మీరెలాంటి వాళ్లో, ఏం పెట్టబోతున్నారో. సరే అనుకుంటే దానంతట అదే వెనక్కి వెళ్లిపోతుంది. వెళ్లిందంటే అనుమతి వచ్చినట్టే."

చెల్లెలు నోరెళ్లబెట్టింది. "ఆదివారం కూడా పని చేస్తుందాండీ?"

"పార్కుకి సెలవేముంటుందమ్మా?"

"మరి... వెళ్లకపోతే?"

"అలా ఎప్పుడూ జరగలేదు" అంది మేడం, కళ్లజోడు తుడుచుకుంటూ. చెల్లెలికి ఆ మాటతో ప్రాణం కుదుటపడింది. పడకుండా ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున స్థలం వచ్చింది. మెట్ల మీద బరువుగా, మెల్లగా, గోనెసంచి ఈడ్చినట్టు చప్పుడు. కింద వాటా ఇంటాయన "మెట్ల మీద ఈ మట్టి ఎవరు కడుగుతారు?" అని అరుస్తూనే ఉన్నాడు. చెల్లెలు రెండు తలుపులూ బార్లా తీసింది. సోఫా ముందే జరిపేసింది. స్థలం గుమ్మంలో కాసేపు ఇరుక్కుని, ఒక పక్కకి ఒరిగి, లోపలికొచ్చి హాల్లో సర్దుకుంది. గడ్డి, కాలిబాట ముక్క, ఒక కాలు కింద ఇటుక పెట్టిన బెంచీ, వంగిన బాదంమొక్క. మొక్క కొసలు ఫ్యానుకి తగులుతున్నాయని చెల్లెలు స్విచ్చి మీద టేపు అతికించింది. చీమలు వాటి పనిలో అవి ఉన్నాయి.

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

హాల్లోకి వచ్చినా అది బయటే కదా. అక్క లెక్క అది. గోడ వారన జానెడు మేర గచ్చు మిగిలింది. బాత్రూముకి వెళ్లాలంటే అక్క వీపు గోడకి ఆనించి, అడ్డంగా, ఆ జానెడు గచ్చు మీదే నడిచేది. గడ్డిపరక తగిలితే కాలు వెనక్కి లాక్కునేది. పక్క కూడా వంటింట్లోనే వేసుకుంది.

"అక్కా, అది మనల్ని చూడ్డానికి వచ్చింది. మనం ఇలా గోడలు పట్టుకుని పాకుతుంటే ఏమనుకుంటుంది?"

"నేనేం చెయ్యను. నువ్వున్నావుగా, నిన్ను చూసుకోమను."

చెల్లెలు బాదంకాయ పెట్టెని బెంచీ కింద, ఇటుక పక్కన పెట్టింది. నీళ్లు చల్లింది. రాలిన ఆకులు ఊడవబోయి, పార్కులో ఊడిస్తే ఏమంటారో అని ఊరుకుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే స్థలం అక్కడే ఉంది. పెట్టె మాత్రం వంటింటి గడప దగ్గర ఉంది.

"నువ్వు తీశావా?"

"నేనెక్కడ తీస్తాను, గడప దాటితేగా."

మళ్లీ బెంచీ కింద పెట్టింది. మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. మొక్క మొదట్లో పెడితే, కళ్లముందే, నేల చిన్నగా ఎత్తు తిరిగి పెట్టెని దొర్లించుకుంటూ పోయి వంటింటి గడపకి ఠక్కుమని కొట్టింది. ఒప్పుకోవట్లేదు. ఒప్పుకోని స్థలాన్ని ఏం పెట్టి బతిమాలాలి?

పార్కులో ఆ బెంచీ మీద రోజూ కూర్చునే వాకింగ్ తాతయ్య ఒకాయన వాకబు చేసుకుంటూ ఇంటికే వచ్చేశాడు. "బెంచీ ఇక్కడుందని చెప్పారమ్మా" అని చెప్పులు బయట విప్పి, గడ్డి మీదుగా వెళ్లి కూర్చుని, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి వదలడం మొదలెట్టాడు. మధ్యలో ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూశాడు.

"నువ్వా తల్లీ. నాకు కారు నేర్పావు, గుర్తుందా? రివర్సు ఒక్కటీ రాలేదు."

"మీకు ముందుకి కూడా రాలేదు బాబాయిగారూ" అంది అక్క, గడప అవతల్నుంచి.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క టీ పెట్టి, గ్లాసుని అట్లకాడ మీద నిలబెట్టి, చెయ్యి చాచి అందించింది. ఆయన అందుకుని, అట్లకాడ వైపూ అక్క పాదాల వైపూ చూసి, టీ ఊదుకుంటూ తాగాడు. రోజూ వచ్చేవాడు. పొద్దున టీ అలా అట్లకాడ మీదే నడిచింది.

స్థలం కదల్లేదు. వారం తిరిగింది. నెలాఖరు దగ్గరికి వచ్చేసింది. అనుమతుల మేడమే మెట్లెక్కి వచ్చింది, రొప్పుకుంటూ.

"ఏం చేశారమ్మా దాన్ని? పార్కులో ఆ మూల గొయ్యి పడి ఉంది. నిన్న ఒకాయన ఫోన్ చూసుకుంటూ అందులో నడిచేశాడు. కాలు బెణికింది."

"అలా ఎప్పుడూ జరగలేదన్నారు కదండీ."

"ఇప్పుడు జరిగింది. శనివారం సాయంత్రంలోగా అది వెళ్లకపోతే నేను 'కుదరదు' అని రాయాల్సిందే. రాస్తే ఈ ఒక్క చోటు కాదు, నీకు ఇంకెక్కడా ఇవ్వరు. పోలీసులు పాతవి కూడా తీసేస్తారు." మేడం చెప్పులు విప్పి గడ్డి మీద నాలుగడుగులు వేసింది, నాడి చూసే డాక్టరులా. గడప దగ్గర బాదంకాయ పెట్టెని చూసి ఆగింది. "పెట్టె చేసిందెవరు?"

"నేనేనండి" అంది చెల్లెలు గబుక్కున.

మేడం వంటింట్లోకి చూసింది. అక్క వేళ్ల గోళ్లలో ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. అక్క చేతులు వీపు వెనక దాచుకుంది.

"నన్ను మాయ చెయ్యొచ్చమ్మా" అంది మేడం, చెప్పులు వేసుకుంటూ. "నేను వారం వారం మోసపోతూనే ఉంటాను. అది మోసపోదు."

ఆవిడ దిగిపోయాక చెల్లెలు గడప ముందు నిలబడింది. పెట్టె వంక చూసింది, అక్క వంక చూసింది. ఇన్నాళ్లూ తోచనిది అప్పుడు తోచింది. స్థలం పెట్టెని వద్దనడం లేదు. ఎవరిది వాళ్లకి తెచ్చిస్తోంది.

"అక్కా. అది నిన్ను రమ్మంటోంది."

"నావల్ల కాదు."

"ఒక్క అడుగు. హాల్లోనే. మన ఫ్యాను కిందే."

"కాదంటున్నానా."

"శనివారం దాటితే అన్నీ తీసేస్తారే. నువ్వు చేసినవన్నీ. తర్వాత ఏం చేస్తావు? ఈ పొయ్యి ముందే కూర్చుంటావా? నీ మూలాన నేను..." అని ఆగిపోయింది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియలేదు. వచ్చేసింది.

అక్క నిదానంగా పొయ్యి కట్టేసింది.

"నా మూలాన నువ్వు ఏం చెయ్యట్లేదు, చెప్పు. మీ ఓనరు ఫోన్ చేశాడు పోయిన నెల. పక్క ఊళ్లో కొత్త షాపు పెడుతున్నాను, మీ చెల్లెల్ని చూసుకోమంటే అక్కని వదిలి రాలేనంటోంది, మీరైనా చెప్పండి అన్నాడు. నాతో అన్నావా ఆ సంగతి? అనలేదు. బస్సెక్కాలంటే నీకు భయం. కొత్త మనుషులంటే భయం. పెట్టె దాచి చెట్టు చాటుకి వెళ్లి నిలబడతావు, వచ్చినవాళ్లతో ఒక్క మాట మాట్లాడవు. నేను ఇంట్లో దాక్కున్నాను, సరే. నువ్వు నా వెనకాల దాక్కున్నావు. మనిద్దరిలో ముందు దొరకాల్సింది ఎవరే?"

చెంప మీద కొట్టినా చెల్లెలికి అంత దిమ్మ తిరిగేది కాదు. ఇది నిజమా అని కూడా ఆలోచించలేకపోయింది. నిజం కాకపోతే అంతగా తగలదు కదా, అదొక్కటే బుర్రలో తిరిగింది.

శనివారం షాపుకి వెళ్లింది. అతికించిన ప్రతి గార్డు కిందా బుడగలే. ఒకావిడ ఫోన్ వెనక్కి ఇస్తూ "ఏంటమ్మా ఇది, పొక్కులొచ్చినట్టుంది" అంది. ఓనరు ఆమె మొహం చూసి, తిట్టబోయినవాడల్లా "ఇంటికెళ్లు" అన్నాడు.

మెట్ల మీద మట్టి తడిగా ఉంది. పొద్దున కడిగించిన మెట్లు. చెల్లెలు రెండేసి మెట్లు ఎక్కింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. హాలు ఖాళీ.

ఖాళీ అంటే, గచ్చు. అంచు వెంబడి నీళ్ల చారిక, రెండు ఎండుటాకులు, దారి తప్పిన చీమలు. వెళ్లిపోయింది. అనుమతి వచ్చేసింది. "అక్కా, వెళ్లిపోయిందే" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. టీ గిన్నె పొయ్యి మీద ఉంది. అట్లకాడ గూటికి వేలాడుతోంది. అక్క లేదు.

పడగ్గదిలో లేదు. బాత్రూములో లేదు. మంచం కింద కూడా చూసింది, వెర్రిదానిలా. గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే చెప్పులు అక్కడే ఉన్నాయి, పక్కపక్కన, తుడిచి పెట్టినవి పెట్టినట్టే. చెప్పులు లేకుండా మనిషి ఎక్కడికి వెళ్తుంది? గోడ పట్టుకుంది.

కిందినుంచి ఇంటాయన కేకేశాడు. "మీ అక్కకి చెప్పు, వచ్చేటప్పుడైనా కాళ్లు తుడుచుకుని రమ్మను."

చెప్పులు చేత్తో పట్టుకుని చెల్లెలు పరిగెత్తింది. ఆ వీధి, మందుల షాపు, సర్కిల్. ఆ సర్కిలే. రోడ్డు మీద మట్టి చార సన్నగా కనిపిస్తోంది, సర్కిల్ చుట్టూ పద్ధతిగా తిరిగి, ఎడమ చేతివైపు మళ్లి, పార్కు గేటులోంచి లోపలికి. ఎక్కడా ఆగిన జాడ లేదు.

ఫౌంటెన్ వెనక మూల గొయ్యి లేదు. గడ్డి, బాదంమొక్క, బెంచీ ఎక్కడివక్కడ ఉన్నాయి. మేడం అప్పుడే ఒక చిన్న రేకు పలక బెంచీ వీపుకి తీగతో కట్టి లేస్తోంది. ఆట పెట్టెకి ఇక్కడ అనుమతి ఉంది అని దాని మీద. చెల్లెల్ని చూసి "ఇంక ఆ గొయ్యి గోల తప్పింది" అని మాత్రం అని, ఆయాసపడుతూ వెళ్లిపోయింది.

బెంచీ మీద వాకింగ్ తాతయ్యా, పక్కన అక్కా.

అక్క ఉత్తకాళ్లకి మట్టి. జుట్టు గాలికి రేగి ఉంది. ఆకాశం కింద అక్క మొహం చెల్లెలికి కొత్త మనిషి మొహంలా కనిపించింది. అంత వెలుతురులో చూసి ఎన్నాళ్లయిందో. చెల్లెలు చేతిలో చెప్పులు ఎత్తి చూపించింది.

"పొద్దున కుదరక ఇవాళ మధ్యాహ్నం వచ్చాను" అన్నాడు తాతయ్య. "టీ ఇస్తోంది. గ్లాసు అట్లకాడ మీద ఒణికింది. ఒలికిపోతుందని కాబోలు, గడప దాటి రెండడుగులేసి చేతికే ఇచ్చింది. ఇచ్చి, ఇచ్చానా అన్నట్టు కింద చూసుకుంది. సరే ఎలాగూ దాటావు, కూర్చో తల్లీ అన్నాను. కూర్చుంది. ఆ బాదంకాయని తీసుకుంది. అంతే, ఇది బయల్దేరింది."

"దిగిపోవచ్చు కదా" అంది చెల్లెలు. "మెట్ల దగ్గరే దిగిపోవచ్చు."

"దిగుతుందనే అనుకున్నాను. బెంచీ అంచు పట్టుకుంది, వేళ్లు తెల్లబడిపోయాయి. ఆ కుడికాలు మాత్రం..." తాతయ్య తన కాలు నేలమీంచి జానెడు ఎత్తి చూపించాడు. "ఇలా. దారంతా ఇలాగే పట్టుకుంది. సర్కిల్లో లారీ అడ్డమొచ్చింది, అప్పుడు కూడా దించలేదు. తిమ్మిరెక్కి ఉంటుంది."

చెల్లెలు అక్క ముందు గడ్డి మీద కూలబడింది. అక్క కుడికాలు ఇంకా కొంచెం ఒణుకుతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎందుకే అలా ఎత్తి పెట్టావు?"

అక్క పార్కు వైపు చూస్తోంది, కళ్లు చిట్లించి.

"కింద పెడితే ఆపేస్తానని."

తాతయ్య గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు, కళ్లు మూసుకుని. చెల్లెలికి ఏం చేయాలో తోచక, అక్క పాదాల మట్టి చున్నీతో తుడిచి, చెప్పులు ఒక్కొక్కటీ తొడిగింది. అక్క లేచి నిలబడింది. పడిపోతుందేమోనని చెల్లెలు చేతులు చాచింది. పడలేదు.

"పెట్టె ఏదీ?" అంది చెల్లెలు. "అనుమతి వచ్చిందిగా. ఇవ్వు, దాస్తాను."

"దాచేశాను."

"ఎక్కడ?"

"అదేంటే, చెప్తారా ఎవరైనా? వెతుక్కో." అక్క చీర కుచ్చిళ్లు దులుపుకుంది. ఒక్క అడుగు వేసి ఆగింది, ఊపిరి సరిచూసుకుంది, ఇంకో అడుగు వేసింది. వెనక్కి తిరక్కుండా అంది, "సాయంత్రానికి పాలు లేవు. నేను తీసుకుని వెళ్తుంటాను. నువ్వు నిదానంగా రా. నా వెనకాలే రాకు."

చెల్లెలు బాదంమొక్క పక్కన, కాయలూ ఎండుటాకులూ పరుచుకున్న గడ్డిలో, వెతకడానికి వంగింది కానీ చేతులు కదల్లేదు. రెప్పవెయ్యకుండా గేటు వైపే చూస్తూ ఉండిపోయింది. అక్క ఫౌంటెన్ దాటింది. గేటు దగ్గర ఒక చేత్తో ఊచ పట్టుకుని కాసేపు నిలబడింది. అటూ ఇటూ చూసింది, బండ్లు నేర్పినప్పుడు చూడమని చెప్పేది కదా, అలా. ఊచ వదిలేసింది.